పాల కోసం సూది.. చూడి కట్టని ఆవు: హార్మోన్లతో అసలు ఏం జరుగుతుంది?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఏ ఊరికి పోయినా, ఏ కొట్టం ముందు నిలబడినా ఈ మధ్య వినపడే మాట ఒకటే. "ఆవు పాలు బాగానే ఇస్తుంది గానీ చూడి కట్టట్లేదు. నాలుగుసార్లు సూది వేయించిన, నాలుగుసార్లు తిరగ పొర్లింది." ఇంకొంచెం మాట కలిపితే రెండో సంగతి బయటకొస్తుంది. పాలు పిండే ముందు ఆవుకో గేదెకో రోజూ ఒక చిన్న సూది పడుతోంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. "పాల సూది" అంటారు, కొందరు "చేపు సూది" అంటారు.

ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందా? ఆ సూదిలో ఉన్నది గ్రోత్ హార్మోనా? దాని పేడ, మూత్రంతో జీవామృతం చేసుకోవచ్చా? వీడియోలో టైం సరిపోక వదిలేసిన విషయాలన్నీ ఇక్కడ ఒక వరుసలో చెప్పుకుందాం. కాస్త పొడవుగా ఉంటుంది. ఇంట్లో పాడి ఉన్నవాళ్లు ఓపికగా చివరిదాకా చదవండి.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం

మనవాళ్లు అన్నింటినీ కలిపి "హార్మోన్ సూది" అంటారు. నిజానికి పాడి పశువు దగ్గర మూడు రకాల హార్మోన్ల మాట వస్తుంది. మూడూ వేరు, మూడింటి పనీ వేరు.

1. గ్రోత్ హార్మోన్. దీన్ని బొవైన్ సొమాటోట్రోపిన్, పొట్టిగా బీఎస్‌టీ అంటారు. ఇది ఆవు ఒంట్లో పాలు తయారయ్యే పనినే పెంచుతుంది. అమెరికాలో దీని మీద పెద్ద గొడవే జరిగింది.

2. ఆక్సిటోసిన్. ఇది పాలు తయారు చేయదు. అప్పటికే పొదుగులో తయారై ఉన్న పాలను కిందికి దింపుతుంది. అంటే చేపు తెస్తుంది. మన పల్లెల్లో పిండే ముందు వేసే సూది ఇదే.

3. ఎదకు తెచ్చే హార్మోన్లు. ప్రోస్టాగ్లాండిన్, జీఎన్‌ఆర్‌హెచ్, ప్రొజెస్టిరాన్ లాంటివి. పశువు ఎదకు రాకపోతే, అండాశయంలో తేడా ఉంటే డాక్టర్ పరీక్ష చేసి ఇచ్చే వైద్యం ఇది.

మూడోది మందు. మొదటి రెండూ పాల కోసం చేసేవి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

గ్రోత్ హార్మోన్ కథ

ఆవు మెదడు కింద శనగ గింజంత పిట్యుటరీ గ్రంథి ఉంటుంది. గ్రోత్ హార్మోన్ అక్కడే తయారవుతుంది. ప్రతి ఆవుకూ ఉంటుంది, మనకూ ఉంటుంది. ఆవు తిన్న మేతలోని శక్తి ఒంటికి ఎంత పోవాలి, పొదుగుకు ఎంత పోవాలి అని పంచే పని దీనిది. ఈనిన కొత్తల్లో ఇది ఎక్కువగా ఉంటుంది. అందుకే అప్పుడు ఆవు తన ఒంటి కొవ్వు కరిగించుకొని మరీ పాలిస్తుంది. తల్లి కడుపు మాడ్చుకొని బిడ్డకు పెట్టినట్టే.

1937లోనే రష్యా శాస్త్రవేత్తలు పిట్యుటరీ గ్రంథి సారం తీసి ఆవులకు ఎక్కించి పాలు పెరగడం చూశారు. అయితే ఒక్క ఆవుకు సూది వేయాలంటే ఎన్నో పశువుల గ్రంథులు కావాలి. అందుకే అది అక్కడే ఆగిపోయింది. 1980ల్లో జన్యు ఇంజనీరింగ్‌తో బ్యాక్టీరియా చేత ఈ హార్మోన్ తయారు చేయించడం మొదలైంది. మోన్‌శాంటో కంపెనీ తెచ్చిన పోసిలాక్ అనే సూదికి అమెరికా ఎఫ్‌డీఏ 1993 నవంబర్‌లో అనుమతి ఇచ్చింది. 1994 ఫిబ్రవరిలో అమ్మకం మొదలైంది. ఈనిన తొమ్మిదో వారం నుంచి 14 రోజులకు ఒకసారి 500 మిల్లీగ్రాముల సూది వేయాలి. మన దేశంలో కూడా కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో గేదెల మీద దీన్ని పరీక్షించి 1989లో ఫలితాలు ప్రచురించారు.

పాలు పెరిగాయా? పెరిగాయి. కెనడా పశువైద్య నిపుణుల బృందం అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి లెక్క తీసింది. తొలి ఈత ఆవుల్లో సుమారు 11 శాతం, ఆ పై ఈతల ఆవుల్లో సుమారు 15 శాతం పాలు పెరిగినట్టు తేలింది. అదే లెక్కలో ఇంకో వైపు కూడా ఉంది. పొదుగు వాపు వచ్చే ముప్పు సుమారు 25 శాతం పెరిగింది. కుంటితనం ముప్పు సుమారు 55 శాతం పెరిగింది. చూడి కట్టకుండా మిగిలిపోయే ముప్పు సుమారు 40 శాతం పెరిగింది.

ఈ 40 శాతాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. నూరు ఆవుల్లో నలభై కట్టలేదని కాదు. మామూలుగా నూటికి పది ఆవులు కట్టకుండా మిగిలిపోయే మందలో ఆ పది పద్నాలుగు అవుతాయని. పది ఆవులున్న రైతుకు ఇది లెక్కలో కనిపించకపోవచ్చు. ఒకే ఒక్క ఆవున్న రైతుకు ఆ ఆవే పద్నాలుగులో ఒకటైతే సంవత్సరం పోయినట్టే.

ఈ కారణాలతోనే, పశువు ఆరోగ్యం దెబ్బతింటుందని చెప్పి, కెనడా 1999 జనవరిలో దీనికి అనుమతి నిరాకరించింది. యూరప్ దేశాలు కూడా 1999 చివర్లో నిషేధం ఖాయం చేశాయి. అనుమతి ఇచ్చిన అమెరికాలోనే సూది మందు లేబుల్ మీద హెచ్చరికలు అచ్చు వేయాల్సి వచ్చింది. చూడి నిలిచే శాతం తగ్గొచ్చు, ఈతకు ఈతకు మధ్య దూరం పెరగొచ్చు, అండాశయంలో నీటి బుడగలు రావొచ్చు, మాయ పడకపోవచ్చు అని అందులో రాశారు. నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2014లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వచ్చిన మరో విశ్లేషణలో ఇంత నష్టం కనిపించలేదు. శాస్త్రవేత్తల మధ్య ఈ వాదన ఇంకా ఉంది.

పాలు పెరిగితే చూడి ఎందుకు తప్పుతుంది?

అసలు గుట్టు ఇక్కడుంది. ఇది సూది వేసే ఆవుకే కాదు, మేత చాలని ప్రతి ఆవుకూ వర్తిస్తుంది.

ఆవు ఒంట్లో శక్తి పంచుకునే వరుస ఒకటి ఉంది. మొదట ప్రాణం నిలబడాలి. తర్వాత ఉన్న దూడకు పాలు. ఆ తర్వాత ఒంటి కండ. అన్నింటికంటే చివర కొత్త చూడి. ఉన్న బిడ్డ బతకాలి, మిగిలితేనే ఇంకో బిడ్డ. ప్రకృతి పెట్టిన నియమం ఇది.

ఈనిన మొదటి రెండు మూడు నెలలు పాలు పెరిగినంత వేగంగా ఆకలి పెరగదు. వచ్చేదాని కంటే పోయేది ఎక్కువ. దాన్ని పూడ్చడానికి ఆవు ఒంటి కొవ్వు కరిగిస్తుంది. అప్పుడు రక్తంలో ఇన్సులిన్, గ్లూకోజ్ తగ్గుతాయి. "ఇంట్లో గింజలు లేవు, ఇప్పుడు చుట్టాలు వద్దు" అన్నట్టు మెదడు అండాశయానికి పంపే సంకేతాలు తగ్గించేస్తుంది. అండం సరిగా పెరగదు. పెరిగినా ఎద లక్షణాలు బయటకు కనపడవు. దీన్నే మూగ ఎద అంటాం.

గ్రోత్ హార్మోన్ సూది చేసే పని ఈ కరువు రోజులను ఇంకా పొడిగించడం. సూది మొదలుపెట్టేది తొమ్మిదో వారంలో. అంటే ఈనిన 60 రోజులు దాటాక, సరిగ్గా మనం మళ్లీ చూడి కట్టించాలనుకునే రోజుల్లో! ఒకే టైంలో పొదుగు ఒకవైపు లాగుతుంది, గర్భసంచి ఒకవైపు అడుగుతుంది. మేత బలంగా ఉంటే రెండూ నిలబడతాయి. లేదంటే ఓడేది గర్భసంచే.

ఇందులో ఒక వింత కూడా ఉంది. ఫ్లోరిడాలో కొన్ని పరీక్షల్లో, పాలిచ్చే ఆవులకు సెమన్ వేసే టైం ముందే ఖాయం చేసుకొని ఆ దగ్గర్లో ఇదే హార్మోన్ ఇస్తే చూడి నిలిచే శాతం పెరిగింది. అంటే హార్మోన్ దానంతట అది విషం కాదు. ఎద కనిపెట్టే ఇబ్బంది లేకుండా చేసి, మేత సరిపోయేలా చూస్తే పిండానికి మేలు కూడా చేయొచ్చు. నెలల తరబడి పాల కోసం పిండుకోవడానికి వాడినప్పుడే తేడా వస్తోంది.

మన దగ్గర పడే సూది: ఆక్సిటోసిన్

ఇప్పుడు మన కొట్టంలోకి వద్దాం. దూడ చన్ను పట్టగానే, పిండే మనిషి పొదుగు కడగగానే ఆ స్పర్శ మెదడుకు చేరుతుంది. పిట్యుటరీ నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో పొదుగు నిండి చన్నులు బిగుస్తాయి. చేపు వచ్చిందంటాం. దాని బలం ఐదు నుంచి ఏడు నిమిషాలే. అందుకే చేపు వచ్చాక గబగబా పిండాలని పెద్దలు చెప్పేది. ఆవు బెదిరినా, దెబ్బ పడినా అడ్రినలిన్ అనే ఇంకో హార్మోన్ వచ్చి చేపు ఆగిపోతుంది. కొత్త మనిషి వస్తే ఆవు పాలు ఎగబట్టడం మనకు తెలిసిందే.

దూడ చనిపోయినా, దూడకు పాలు వదలడం ఇష్టం లేకపోయినా, పిండేవాడికి ఓపిక లేకపోయినా ఈ సహజ చేపు బదులు సూది వస్తుంది. అర నిమిషంలో పాలు దిగుతాయి. పిండేవాడికి సుఖం. పొదుగులో మామూలుగా మిగిలిపోయే కాస్త పాలు కూడా వస్తాయి కాబట్టి కొలతలో కొంచెం ఎక్కువ కనపడుతుంది కూడా. ఈ మాట దాచనక్కర్లేదు.

మరి నష్టం ఎక్కడ?

మొదటిది అలవాటు. రోజూ సూదికి అలవాటు పడ్డ పశువు సూది లేనిదే చేపదు. తన ఒంట్లో హార్మోన్ వదిలే అలవాటు తప్పుతుంది. అమ్మబోతే కొన్నవాడు మర్నాడే వెనక్కి తెచ్చి కట్టేస్తాడు.

రెండోది గర్భసంచి. ఆక్సిటోసిన్‌కు పొదుగు ఒక్కటే తెలియదు, గర్భసంచి కూడా తెలుసు. ప్రసవంలో నొప్పులు తెచ్చేది ఇదే. అంతేకాదు, ఎద చక్రంలో కూడా దీనికి పాత్ర ఉంది. ఎద అయిపోయాక అండాశయం మీద పసుపు పచ్చని ముద్ద ఒకటి ఏర్పడుతుంది. చూడిని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ తయారయ్యేది అందులోనే. చూడి కట్టకపోతే గర్భసంచి నుంచి ప్రోస్టాగ్లాండిన్ వచ్చి ఆ ముద్దను కరిగిస్తుంది, ఆవు మళ్లీ ఎదకు వస్తుంది. ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను విడుదల చేయించే వాటిలో ఆక్సిటోసిన్ ఒకటి.

1959లో అమెరికా శాస్త్రవేత్తలు ఆర్మ్‌స్ట్రాంగ్, హాన్సెల్ పెయ్యలకు ఎద తర్వాత మొదటి వారంలో రోజూ ఆక్సిటోసిన్ ఇచ్చి చూశారు. 21 రోజుల చక్రం 8 నుంచి 12 రోజులకు కుదించుకుపోయింది. అంటే ఆ ముద్ద నిలదొక్కుకోకముందే పోయింది. ఇప్పుడు మన ఆవును తలుచుకోండి. పొద్దున సెమన్ వేయించాం. సాయంత్రం పాల సూది. మర్నాడు రెండు సూదులు. వారంలో పద్నాలుగు సూదులు! పిండం ఇంకా ఆవాలంత కూడా లేని రోజులవి.

అయితే సూది పడ్డ ప్రతి ఆవూ తప్పుతుందని కాదు. మోతాదు, ఇచ్చే రోజు, ఆవు బలం బట్టి ఫలితం మారుతుంది. సూది పడుతూనే చూడి కట్టిన గేదెలు కూడా ఉన్నాయి. మన మాట ఇంతే. ఆవు పదే పదే పొర్లుతున్నప్పుడు, డాక్టర్‌కు మొట్టమొదట చెప్పాల్సిన సంగతి ఈ పాల సూదే. చాలామంది దాచిపెట్టేది కూడా ఇదే. దాచి వైద్యం చేయించుకుంటే డబ్బులు దండగ.

మూడోది సీసా. ఆక్సిటోసిన్ డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు. ఒక్కో మోతాదు విడివిడి ప్యాక్‌లో అమ్మాలని నిబంధన. చీటీ లేకుండా, లేబుల్ లేని ప్లాస్టిక్ సీసాలో చేతికొచ్చేదాంట్లో ఎంత బలం ఉందో, ఏ నీళ్లు కలిపారో ఎవరికీ తెలియదు. ఒకే సూది పది పశువులకు గుచ్చితే గడ్డలు లేస్తాయి, రక్తం ద్వారా వచ్చే జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటాయి.

చట్టం ఏం చెబుతోంది?

1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్‌లో దీని ప్రస్తావన ఉంది. పూర్వం ఆవు యోనిలోకి గాలి ఊది పాలు దింపే క్రూరమైన పద్ధతి ఉండేది. దానితో పాటు, పాలు పెంచడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే ఏ సూది వేసినా నేరమే. వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. పశువును కూడా ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు.

2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారు చేయకుండా ఆపాలని చూసింది. కానీ ఇదే మందు కాన్పు తర్వాత తల్లుల రక్తస్రావం ఆపి ప్రాణాలు కాపాడుతుంది. కొరత వస్తే తల్లుల ప్రాణాలకే ముప్పని ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబర్‌లో ఆ ఉత్తర్వును కొట్టేసింది. తర్వాత విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 మేలో అదే ఢిల్లీ హైకోర్టు డెయిరీల్లో ఆక్సిటోసిన్ వాడకం జంతు హింస కిందికే వస్తుందని, కేసులు పెట్టాలని అధికారులను ఆదేశించింది. మందు మంచిదే, వాడే చోటే తప్పు.

పాలు, పేడ, మూత్రం సంగతేంటి?

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. "సూది వేసిన ఆవు పేడతో జీవామృతం చేస్తే హార్మోన్ పొలంలోకి పోతుందా?"

గ్రోత్ హార్మోన్, ఆక్సిటోసిన్ రెండూ మాంసకృత్తుల జాతికి చెందినవి. ఆక్సిటోసిన్ రక్తంలోకి చేరిన కొద్ది నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది, కాలేయం, మూత్రపిండాలు దాన్ని ముక్కలు చేస్తాయి. నోట్లోకి పోతే కడుపులో పప్పు అరిగినట్టే అరిగిపోతాయి. అందుకే వీటిని సూదిగానే ఇవ్వాలి, మేతలో కలిపితే పనిచేయవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షల్లో కూడా సూది వేసిన, వేయని పశువుల పాలల్లో ఆక్సిటోసిన్ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి "ఆ పాలు తాగితే పిల్లలకు అలా అవుతుంది, ఇలా అవుతుంది" అని భయపెట్టి వ్యాపారం చేసుకోవడం మనకు వద్దు. నిజం చాలు.

పేడ విషయంలో భయపడాల్సింది యాంటీబయాటిక్స్‌కి. పొదుగు వాపు వచ్చి వాటితో వైద్యం జరుగుతుంటే ఆ మందు పాలల్లోనే కాదు, మూత్రంలో, పేడలో కూడా బయటికి పోతుంది. జీవామృతం అంటేనే సూక్ష్మజీవులు. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి మనం పెంచేది వాటినే. అందుకే వైద్యం నడుస్తున్న రోజుల్లో, డాక్టర్ చెప్పిన గడువు ముగిసే వరకు ఆ ఆవు పేడ, మూత్రం పక్కన పెట్టండి.

సేంద్రియ సర్టిఫికెట్ తీసుకునేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోండి. దేశ సేంద్రియ ప్రమాణాల్లో ఉత్పత్తి పెంచడానికి హార్మోన్లు వాడకూడదు. ఎదకు తెచ్చే హార్మోన్లు కూడా మందకంతా ఒకేసారి వేయకూడదు. జబ్బున్న ఒక్క పశువుకు డాక్టర్ సలహాతో వైద్యంగా అయితే ఇవ్వొచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం

సూది వల్ల రోజుకు అర లీటరు ఎక్కువ వస్తుందనుకుందాం. లీటరు 40 రూపాయల లెక్కన 20 రూపాయలు. 250 రోజులకు 5,000.

ఇప్పుడు ఆవు మూడు ఎదలు తప్పిందనుకుందాం. మూడు 21 రోజులు, అంటే 63 రోజులు. ఈ 63 రోజులు పోయి ఈత చివర చేరతాయి. పాలు అడుగంటిన రోజులు, మేత మాత్రం తప్పదు. రోజుకు 150 రూపాయల మేత అనుకున్నా 9,450. దీనికి సెమన్ ఖర్చు, డాక్టర్ ఖర్చు, రెండు నెలలు ఆలస్యమైన దూడ కలపండి. మీ ఇంటి రేట్లు పెట్టి మీరే లెక్క వేసుకోండి. చాలామంది అలా వట్టిపోయిన ఆవును చివరికి సంతకు తోలేస్తున్నారు. ఆవు పోతే పాలే కాదు, పేడ పోతుంది. పేడ పోతే ప్రకృతి వ్యవసాయమే పోతుంది.

సూది మాన్పించేదెట్లా?

ఒక్కరోజులో మానితే ఆవు పాలు ఎగబట్టి పొదుగు వాపుకు దారితీయొచ్చు. డాక్టర్‌కు చెప్పి మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రెండు మూడు వారాల్లో ఆపేయండి. ఆ రోజుల్లో పాలు తగ్గుతాయి, గట్టిగా ఉండాలి. దాంతోపాటు:

- రోజూ ఒకే టైం, ఒకే చోటు, వీలైతే ఒకే మనిషి పిండాలి.
- ముందు దూడను వదలాలి. దూడ లేకపోతే గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, ఒక నిమిషం మెత్తగా నిమరాలి.
- పిండేటప్పుడే దాణా పెట్టాలి. గంప చప్పుడుకే చేపే ఆవులున్నాయి.
- కేకలు, కర్ర, కుక్క దగ్గర ఉండొద్దు.
- చేపు వచ్చిన ఏడు నిమిషాల్లోపు పిండడం అయిపోవాలి.

చూడి కట్టాలంటే

మేతే మొదటి మందు. మన మూడు జిల్లాల్లో పల్లి పంట ఉంది, జొన్న చొప్ప ఉంది, కాలువల కింద వరిగడ్డి ఉంది. వట్టి వరిగడ్డితో పాడి నడవదు. పల్లి కట్టె, కంది పొట్టు, అవిశ, సుబాబుల్ ఆకు కలపండి. దాణా ఇంట్లోనే చేసుకోవచ్చు. నూరు కిలోలకు మక్క లేదా జొన్న నూక 35, తౌడు 32, పల్లి చెక్క 20, పత్తి చెక్క 10, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1 కిలో. ఆవు ఇచ్చే ప్రతి రెండున్నర లీటర్ల పాలకు, గేదె ఇచ్చే ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున పెట్టాలి. బూజు పట్టిన పల్లి చెక్క మాత్రం వద్దు. అందులోని అఫ్లాటాక్సిన్ విషం పాలల్లోకి కూడా వస్తుంది.

ఎద చూడటం రెండో మందు. పొద్దున్నే, రాత్రి పడుకునే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్లి చూడండి. గుడ్డు తెల్లసొనలాంటి తీగ, అరుపు, మాటిమాటికి మూత్రం. పొద్దున ఎద కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున సెమన్ వేయించాలి. మన ఎండాకాలంలో గేదెలు మూగ ఎదలో ఉంటాయి. నీడ, రోజుకు రెండు మూడుసార్లు ఒంటి మీద నీళ్లు తప్పనిసరి.

గోడ మీద సున్నంతో తేదీలు రాసుకోండి. 21 రోజులకు పొర్లితే చూడి కట్టలేదని. 8–12 రోజులకే పొర్లితే పాల సూదినో, అండాశయంలో తేడానో అనుమానించాలి. 35–50 రోజులకు పొర్లితే కట్టిన పిండం పోయి ఉండొచ్చు. తీగ మబ్బుగా, చీములా ఉంటే గర్భసంచిలో జబ్బు. ఈ తేదీలు చూపిస్తే డాక్టర్‌కు సగం పని అయిపోతుంది.

తిరగ పొర్లే పశువులకు జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న ఒక ఇంటి వైద్యం ఉంది. ఎద వచ్చిన మొదటి లేదా రెండో రోజు మొదలుపెట్టాలి. రోజుకొక తెల్ల ముల్లంగి 5 రోజులు. తర్వాత రోజుకొక కలబంద మట్ట 4 రోజులు. తర్వాత నాలుగు గుప్పిళ్ల మునగాకు 4 రోజులు. తర్వాత నాలుగు గుప్పిళ్ల నల్లేరు 4 రోజులు. చివర నాలుగు గుప్పిళ్ల కరివేపాకు పసుపుతో 4 రోజులు. అన్నీ బెల్లం, ఉప్పు కలిపి రోజుకొకసారి తినిపించాలి.

మూడుసార్లు తప్పితే ఇంక ఆగొద్దు. గోపాలమిత్రతోనో, పశువుల దవాఖానలోనో చెప్పండి. ఊరికి దూరమైతే 1962కు ఫోన్ చేయండి. డాక్టర్ ఎదకు తెచ్చే హార్మోన్ రాస్తే భయపడొద్దు, అది వైద్యం. కానీ ప్రోస్టాగ్లాండిన్ వేసే ముందు చూడి లేదని చెయ్యి పెట్టి చూడాల్సిందే. చూడి ఉన్న ఆవుకు వేస్తే ఈసుకుపోతుంది. దాణా, పశుగ్రాసం గురించి పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగొచ్చు.

చివరగా మన తూర్పు ఆవు మాట

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు నల్లమలలో మేసే పొడ తూర్పు ఆవులకు 2020లో జాతి గుర్తింపు వచ్చింది. తెల్లని ఒంటి మీద గోధుమ రంగు పొడలు, లేదంటే గోధుమ ఒంటి మీద తెల్ల పొడలు. పాలు రోజుకు రెండు మూడు లీటర్లే. దాని పాలల్లో ముందు వాటా దూడది. దాని విలువ ఎద్దుల్లో ఉంది, పేడలో ఉంది, అడవి మేత మీద బతికే ఓర్పులో ఉంది.

ఎక్కువ పాల ఆవు వద్దని మేం అనట్లేదు. ఇంట్లో నాలుగు రూపాయలు రావాలి, ఎవరి అవసరం వాళ్లది. కానీ ఏ ఆవు అయినా దాని ఒంటికి మించి లాగితే మనకు చెప్పే మొదటి మాట "ఇంక బిడ్డ వద్దు" అనే. ఆవు చూడి కట్టట్లేదంటే దాని మీద కోపం తెచ్చుకోకండి. మేత చూడండి, తేదీలు చూడండి, చేతిలోని సీసా చూడండి.

మీ ఆవు ఎన్నిసార్లు పొర్లింది, ఎన్ని రోజులకు పొర్లింది, ఏం చేస్తే నిలిచింది, వీడియో కింద రాయండి. సూది మాన్పించినవాళ్లు ఉంటే ఎన్ని రోజులు పట్టిందో తప్పకుండా చెప్పండి. ఇంకో రైతుకు పనికొస్తుంది.